మౌలాలి గుట్ట కింద రాత్రి కొలువు

జాజ్ చరిత్రలో వాయించినవారి పేర్లు గట్టిగా నిలిచాయి. వాళ్ళకు వాయించే చోటు ఇచ్చినవారి పేర్లు పలచబడిపోయాయి. సాయంత్రం తలుపు తీసి, దీపాలు సర్ది, ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టాలో చూసుకుని, వాయిద్యగాళ్ళకు ఇంత తిండి పెట్టి, జనం కబుర్లలో పడి వినడం మానేసిన క్షణాన్ని పసిగట్టి, తెల్లవారుజామున లెక్క చూసుకుని తాళం వేసే మనిషి ఒకరు ఉంటేగాని ఆ సంగీతం నిలబడలేదు. ఆ మనిషిని నైట్‌క్లబ్ యజమాని అంటారు. మాట వినగానే మద్యం, పొగ, రొక్కం గుర్తుకొస్తాయి. ఆ మూడూ ఉన్నమాట నిజమే. అయినా ఆ పనికి ప్రాణం ఆతిథ్యం.

తెలుగులో ఈ సంగతిని ఇముడ్చుకున్న మాట ఒకటి ఉంది: మేజువాణి. పారశీకంలో మేజ్‌బాన్ అంటే విందు ఇచ్చే గృహస్థు. మేజ్‌బానీ అంటే ఆ ఆతిథ్యం. ఆ మాట ఉర్దూ మీదుగా దక్కన్‌లోకి వచ్చి, తెలుగు నోట పడి మేజువాణి అయింది. కోస్తా జిల్లాల్లో కలావంతులు జమీందారు చావడిలోనో పెళ్ళివారి పందిట్లోనో పదాలూ జావళీలూ పాడి అభినయించే కచేరీకి ఆ పేరు స్థిరపడింది. పాటను బట్టో ఆటను బట్టో కాక, పిలిచి కూర్చోబెట్టిన చేతిని బట్టి పుట్టిన పేరిది. పాటకన్నా ముందు ఆతిథ్యం ఉందని ఒప్పుకున్న ఇలాంటి మాట కళల పదకోశంలో ఇంకొకటి దొరకడం కష్టం.

ఉప్పల్, నాచారం, జవహర్‌నగర్ ఉన్న తూర్పు హైదరాబాద్ జాజ్ బార్లకు పేరుపడిన చోటు కాదు. ఇక్కడి రాత్రి తీరు వేరు. కల్లు కాంపౌండులో బెంచీలు, గుడాలు, వేయించిన బోటి. బార్ అండ్ రెస్టారెంటులో టీవీ ముందు క్రికెట్ ముచ్చట్లు. ఫంక్షన్ హాలు బయట బరాత్, దాని ముందు తీన్మార్. పబ్బులూ లైవ్ బ్యాండ్లూ నగరానికి పడమటి వైపు, జూబ్లీహిల్స్, గచ్చిబౌలి దారుల్లో పెరిగాయి. అయితే రాత్రి కొలువు పెట్టడాన్నే ఒక విద్యగా చేసుకున్న మనిషి, హైదరాబాద్ చరిత్రలో ఆ విద్యకు అందరికన్నా పెద్ద పేరు, ఈ తూర్పు వైపునే విశ్రమిస్తోంది. నాచారానికి ఉత్తరాన మౌలాలి గుట్ట పాదం దగ్గర ఆమె సమాధి ఉంది. పేరు మహ్ లఖా బాయి చందా. ఆమె చేసిన పని ఎంతటిదో తెలియాలంటే ముందు జాజ్ గదుల సంగతి కొంత చూడాలి.

జాజ్‌కు పుట్టిల్లుగా చెప్పే న్యూ ఆర్లీన్స్‌లో 1897 నుంచి 1917 దాకా స్టోరీవిల్ అనే పేట ఉండేది. వేశ్యావృత్తిని నగర పాలకులు ఆ కొన్ని వీధులకే పరిమితం చేశారు. అక్కడి పెద్ద ఇళ్ళలో ముందు గదిలో పియానో ఉండేది. బేసిన్ వీధిలోని మహాగనీ హాల్ అనే మేడకు యజమానురాలు లులూ వైట్. ఒంటినిండా వజ్రాలు పెట్టుకుని అతిథుల ముందుకు వచ్చేదని ఆమెకు పేరు. జెల్లీ రోల్ మోర్టన్ కుర్రతనంలోనే ఆ పేట ఇళ్ళలో పియానో వాయించాడు. జాజ్ పూర్తిగా అక్కడే పుట్టిందనడం అతిశయోక్తి. శవయాత్రల బ్రాస్ బ్యాండ్లు, చర్చి పాటలు, నల్లవారి బ్లూస్, రాగ్‌టైమ్ అన్నీ కలిస్తే అది పుట్టింది. కానీ ఒకే గదిలో రాత్రంతా వాయిస్తూ, కొత్తది ప్రయత్నిస్తూ, దానికి కూలి కూడా తీసుకునే వీలు ఆ ఇళ్ళలో దొరికింది. 1917 నవంబరులో, మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా, నౌకాదళం ఒత్తిడి మీద ఆ పేటను మూసేశారు. వాయించేవాళ్ళు షికాగో, న్యూయార్క్ దారి పట్టారు. ఆ ఇళ్ళు నడిపిన ఆడవాళ్ళకు సంగీత చరిత్రలో ఒక్కో వాక్యమే దక్కింది.

ఆ వాక్యాన్ని ఒక పూర్తి జీవితంగా మార్చుకున్న మనిషి బ్రిక్‌టాప్. అసలు పేరు ఏడా స్మిత్, 1894లో వెస్ట్ వర్జీనియాలో పుట్టింది. తల్లిదండ్రులు పెట్టిన పేరులో విక్టోరియా రాణి పేరు కూడా ఉంది. ఇటుక రంగు జుట్టు వల్ల బ్రిక్‌టాప్ అన్నది నిలిచిపోయింది. 1924లో పాటగత్తెగా పారిస్ వెళ్ళి, మోంమార్త్ర్‌లో గ్రాన్ డ్యూక్ అనే చిన్న క్లబ్బులో చేరింది. ఆ రోజుల్లో ఆ క్లబ్బు వంటింట్లో గిన్నెలు కడిగిన కుర్రవాడు తరువాత మహాకవి అయిన లాంగ్‌స్టన్ హ్యూస్. కొన్నేళ్ళకు ఆమె తన పేరుతోనే సొంత క్లబ్బు పెట్టింది. పాటల రచయిత కోల్ పోర్టర్ వచ్చేవాడు, నవలాకారుడు ఫిట్జెరాల్డ్ వచ్చేవాడు. లోకం నలుమూలల ధనికులు ఆమె దగ్గర చార్ల్‌స్టన్ నాట్యం నేర్చుకున్నారు. గొంతు గొప్పది కాదని ఆమే ఒప్పుకునేది. ఆమెకు వచ్చిన విద్య వేరు: కొత్తగా వచ్చినవాణ్ణి పేరు పెట్టి పిలవడం, గొడవపడేవాణ్ణి పరువు పోకుండా బయటకు పంపడం, బీద వాయిద్యగాడికి ఆ రాత్రి భోజనం దొరికేలా చూడడం. 1939లో యుద్ధం ముంచుకురాగా పారిస్ వదిలింది. ఆ తరువాత మెక్సికో నగరంలో, రోములో క్లబ్బులు నడిపి, 1984లో కన్నుమూసింది.

న్యూజెర్సీలో చెప్పులు అమ్మిన బార్నీ జోసెఫ్‌సన్ 1938 డిసెంబరులో న్యూయార్క్‌లో కఫే సొసైటీ తెరిచాడు. నల్లవారూ తెల్లవారూ ఒకే గదిలో, ఒకే వరసలో కూర్చోవాలన్నది అతని పట్టుదల. ఆనాటి న్యూయార్క్‌లో అది చిన్న సంగతి కాదు. నల్లవారు వాయించే హార్లెమ్ క్లబ్బుల్లో కూడా కొన్నిటిలోకి నల్లవారిని శ్రోతలుగా రానిచ్చేవారు కాదు. 1939లో గాయని బిల్లీ హాలిడే చెట్టుకు ఉరితీసిన నల్లవారి మీది పాట మొదట పాడింది ఆ గదిలోనే. ఆ పాట పాడేటప్పుడు వడ్డన ఆగేది, దీపాలు ఆర్పేసి ఆమె ముఖం మీద ఒక్క వెలుగు ఉంచేవారు. పాట అయ్యాక మళ్ళీ వేదిక మీదికి ఆమె వచ్చేది కాదు. పాట రాసినది ఒకరు, పాడినది ఒకరు. ఆ నిశ్శబ్దాన్ని ఏర్పాటు చేసినది మాత్రం క్లబ్బు యజమాని. ఆ రాత్రుల్లో జోసెఫ్‌సన్‌ది కూడా కవి పనే అనాలి.

అదే నగరంలో మాక్స్ గార్డన్ 1935 నుంచి నడిపిన విలేజ్ వాన్‌గార్డ్ నేలమాళిగలో త్రికోణాకారపు గది. వంద పైచిలుకు మంది మాత్రమే పడతారు. 1961 జూన్ 25న పియానో విద్వాంసుడు బిల్ ఎవాన్స్ తన త్రయంతో అక్కడ వాయించినప్పుడు చేసిన రికార్డులో గ్లాసుల చప్పుడు, జనం గుసగుస వినిపిస్తాయి. వాటిని తీసేస్తే ఆ రికార్డులో ఏదో తగ్గుతుందని విన్నవారందరూ ఒప్పుకుంటారు. గార్డన్ 1989లో పోయాక భార్య లొరెయిన్ దాన్ని దాదాపు మూడు దశాబ్దాలు నడిపింది. లండన్‌లో రానీ స్కాట్ తానే సాక్సోఫోన్ వాద్యకారుడు. 1959 అక్టోబరు 30న మిత్రుడు పీట్ కింగ్‌తో కలిసి సోహోలో క్లబ్బు తెరిచాడు. అమెరికన్ వాద్యకారులు లండన్ క్లబ్బుల్లో వాయించడానికి సంఘాల నిబంధనలు అడ్డుపడుతున్న రోజుల్లో, పరస్పర మార్పిడి పద్ధతి మీద 1961లో అమెరికన్ సాక్సోఫోన్ వాద్యకారుడు జూట్ సిమ్స్‌ను రప్పించి ఆ గోడ పగలగొట్టారు.

వీళ్ళందరికీ సుమారు ఒక శతాబ్దం, అంతకు పైగా ముందే హైదరాబాద్‌లో ఇదే విద్య ఇంతకన్నా పెద్ద ఎత్తున నడిచింది.

చందా 1768లో పుట్టింది. తల్లి రాజ్ కన్వర్ బాయి ఉత్తరాది నుంచి దక్కన్ చేరిన కుటుంబపు నర్తకి. తండ్రి బహదూర్ ఖాన్ మొగల్ కొలువు ఉద్యోగి. ఆమె పుట్టుక చుట్టూ ఒక కథ చెప్పుకుంటారు. నిండు నెలలు కాకముందే రాజ్ కన్వర్ మౌలాలి గుట్ట ఎక్కబోయి గర్భస్రావం అంచుకు వెళ్ళిందని, వెంట ఉన్న చిత్రకారుడు తజల్లీ అలీ షా గుట్ట మీది దర్గాకు పరుగెత్తి దారమూ ధూపమూ తెచ్చాక గండం గడిచిందని ఆ కథ. నిజమెంతో గాని, ఆ బిడ్డ జీవితాంతం ఆ గుట్టకు రుణపడినట్టే నడుచుకుంది. అక్క మెహతాబ్, ఆమె భర్త అయిన దివాన్ రుక్నుద్దౌలా చందాను పెంచుకున్నారు. అందువల్ల సంస్థానపు ప్రధానమంత్రి ఇంట్లో పుస్తకాలు, గుర్రాలు, విల్లంబుల మధ్య ఆమె పెరిగింది. సంగీత నాట్యాలు ఖుష్‌హాల్ ఖాన్ అనే గొప్ప గురువు దగ్గర నేర్చుకుంది.

నిజాం అలీ ఖాన్, అంటే రెండో ఆసఫ్ జా, రాజధానిని ఔరంగాబాద్ నుంచి హైదరాబాద్‌కు తెచ్చిన కాలం అది. కొత్త రాజధానికి కవులు, గాయకులు, పటాలు రాసేవాళ్ళు నలువైపుల నుంచీ వస్తున్నారు. వాళ్ళందరూ కలుసుకోవడానికి ఒక గది కావాలి. దర్బారులో మాట్లాడలేని మాటలు మాట్లాడుకోవడానికి, ఉమరావుకూ కవికీ మధ్య ఉన్న మెట్లను కాసేపు దించడానికి ఒక చోటు కావాలి. చందా మెహఫిల్ ఆ చోటయింది. మెహఫిల్‌కు మర్యాదలు కచ్చితంగా ఉంటాయి. ముందు అత్తరు, తాంబూలం. ఆ తరువాత తబలా శ్రుతి. గజల్‌లోని రెండు పాదాల షేరు నచ్చితే మెచ్చుకోలు ఎలా పలకాలో, నచ్చకపోతే ఎలా మౌనంగా ఉండాలో అన్నీ అలవాటైన పద్ధతిలో సాగాలి. ఆ పద్ధతిని నిలబెట్టేది గది యజమానురాలే. ఆమె కంటితో చేసే సైగకు వాయిద్యాలు ఎత్తుకుంటాయి, ఆగుతాయి. జాజ్ గదిలో ఒక సోలోను పొడిగించాలా ఆపాలా అని తల ఊపే యజమానికీ ఆమెకూ పనిలో తేడా లేదు. ఒక్కచోటే తేడా ఉంది: చందా సభ నడిపేది, రాసేది, పాడేది, ఆడేది కూడా. లులూ వైట్, జెల్లీ రోల్ మోర్టన్ ఇద్దరి పనీ ఒకే మనిషి చేసినట్టు.

ఆమె పురుష వేషంలో ఆయుధాలు ధరించి నిజాంతో కలిసి మూడు యుద్ధయాత్రలకు వెళ్ళిందని చరిత్రకారులు రాశారు. సలహా అడిగితే చెప్పగల మనిషిగా ఆమెను కొలువులో గౌరవించారు. జాగీర్లు ఇచ్చారు. ఆమె బయటకు కదిలితే అయిదువందల మంది సైనికులు వెంట నడిచేవారని చెబుతారు. ఆమె జాగీర్లలో అడిక్‌మెట్ ఒకటి. ఇవాళ ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ ఉన్న నేల అదే. నాచారం, హబ్సిగూడ, తార్నాకల నుంచి రోజూ అటు వెళ్ళే విద్యార్థుల్లో ఆ నేల ఒకప్పుడు ఒక గాయనిదని తెలిసినవాళ్ళు తక్కువ. మహ్ లఖా అన్నది ఆమెకు దర్బారు ఇచ్చిన బిరుదు. చంద్రబింబం లాంటి ముఖం కలది అని అర్థం. తెలుగులో ముచ్చటగా చంద్రముఖి.

1799 అక్టోబరులో ఒక రాత్రి ఆమె కథ మొత్తానికి అద్దం పడుతుంది. ఆ ఏడాది మే నెలలో శ్రీరంగపట్నం కూలి టిప్పు మరణించాడు. ఆ యుద్ధంలో నిజాం సేనను నడిపిన మీర్ ఆలం హైదరాబాద్‌లోని తన ఇంట్లో సభ పెట్టాడు. కుంపిణీ అధికారి కెప్టెన్ జాన్ మాల్కమ్ అతిథి. నాట్యం మధ్యలో, తానే ప్రధాన నర్తకిగా ఆడుతూ, చందా తన గజళ్ళ సంపుటి అయిన దివాన్ ప్రతిని మాల్కమ్‌కు నజరానాగా అందించింది. ఆ సంగతి ఆ ప్రతి మీదే రాసి ఉంది. ఆ ప్రతి ఇప్పటికీ లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అప్పటికి ఏడాది క్రితమే నిజాం ఆంగ్లేయులతో సైన్యసహకార సంధి చేసుకుని ఉన్నాడు. రాజ్యాధికారం ఎటు జారుతోందో ఆ సభలో ఉన్నవాళ్ళకు తెలుసు. ఆ జారుడు నేల మీద నిలబడి ఒక కళాకారిణి ఎదుటివాడికి ఇవ్వగలిగినది తన పుస్తకం. మాల్కమ్ మెచ్చుకోలు కోసం చేసిన పని అని కొందరికి తోచవచ్చు. కానీ ఆ సభలో అతనికి నజరానా ఇవ్వగలిగినవాళ్ళు ఎందరో ఉన్నారు, వాళ్ళు ఇచ్చిన శాలువాలూ కత్తులూ ఎక్కడున్నాయో అడిగేవాళ్ళు లేరు. పుస్తకం మిగిలింది.

ఆమె గజళ్ళు గుల్జార్-ఎ-మహ్ లఖా పేరుతో 1824లో, ఆమె పోయిన ఏడాదే, వెలువడ్డాయి. ఉర్దూలో సొంత దివాన్ కూర్చిన తొలి స్త్రీలలో ఆమె ఒకరు. గజళ్ళు పొట్టివి, అయిదేసి షేర్లవి. చివరి షేరులో చాలా చోట్ల మౌలా అలీని తలుచుకుంటుంది. మెహఫిల్‌లో పాడే శృంగార గజల్ చివర ఒక భక్తిమాట పెట్టడం ఆమె ముద్ర. అంతేకాదు, సొంత ఖర్చుతో దక్కన్ చరిత్ర రాయించింది. ఆమె పేరు మీద దాన్ని మాహ్‌నామా అంటారు. కొలువు పెట్టిన మనిషే ఆ కొలువుకు చరిత్రకారుణ్ణి కూడా కుదుర్చుకుంది. ఆ ముందుచూపు లేకపోతే ఆమె గురించి ఇప్పుడు ఈ మాత్రం కూడా తెలిసేది కాదు.

ఆమె గొంతు మాత్రం పోయింది. మన దేశంలో పాట రికార్డుకెక్కడం 1902లో గౌహర్ జాన్ వంటి గాయనులతో మొదలైంది. అప్పటికి చందా పోయి 78 ఏళ్ళు. బిల్ ఎవాన్స్ వాయించిన రాత్రి గ్లాసుల గలగల కూడా మిగిలింది. చందా గజ్జెల మోత ఒక్కటీ మిగల్లేదు. సభ నడిపేవారి విద్యకు ఉన్న బాధే ఇది. గది ఖాళీ అయితే విద్య కూడా ఖాళీ అవుతుంది.

రాత్రి గది నిలబడాలంటే డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది మొదటి ప్రశ్న. జాజ్ క్లబ్బులో పాట శ్రోతకు చవక, పానీయం ఖరీదు. సంగీతానికి మద్యం జీతం ఇస్తుంది. అందుకే క్లబ్బు యజమాని ఎప్పుడూ అప్పుల్లో ఉంటాడు, బార్ బిల్లు పెరిగిన రాత్రి మాత్రమే మంచి బృందాన్ని పిలవగలుగుతాడు. చందా మెహఫిల్‌కు జాగీరు పోషణ. భూమి పండితే సభ. అందువల్ల ఆమె ఎవరికోసమూ తన రుచి తగ్గించుకోనక్కర్లేదు. కానీ ఆ భూమిని దున్నిన రైతుల పాట ఏ దివాన్‌లోనూ లేదు. కోస్తా మేజువాణికి జమీందారీ పోషణ కూడా అలాంటిదే. జమీందారీలు రద్దయ్యాక ఆ పోషణ నిలిచిపోయింది, దానితో ఆ సభలూ నిలిచిపోయాయి.

రెండో ప్రశ్న చట్టానిది, సిగ్గుది. న్యూయార్క్‌లో 1926 నాటి కాబరే చట్టం 2017 దాకా నిలిచింది. 1940 నుంచి 1967 వరకు అక్కడి క్లబ్బుల్లో పనిచేసే ప్రతి కళాకారుడికీ పోలీసులు ఇచ్చే కార్డు ఉండాలి. కార్డు లాక్కుంటే నగరపు క్లబ్బుల్లో వాయించే దారి లేదు. పియానో విద్వాంసుడు థెలోనియస్ మంక్ 1951 నుంచి 1957 దాకా ఆ శిక్ష అనుభవించాడు. అతని చేతుల్లో శక్తి అత్యంత ఉచ్చస్థితిలో ఉన్న ఆరేళ్ళు ఆ నగరపు క్లబ్బులకు వినిపించకుండా పోయాయి. ఆంధ్రదేశంలో వీరేశలింగం కాలం నుంచి వేశ్యల మేళాలకు వ్యతిరేకంగా ఉద్యమం సాగింది. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ అంకితాన్ని నిషేధించింది. 1956లో ఆంధ్ర సవరణతో పెళ్ళిళ్ళలో ఆటపాటలు కూడా నిషేధం కిందికి వచ్చాయి. పసిపిల్లను ఒక వృత్తికి కట్టిపడేయడం దుర్మార్గం, దాన్ని ఆపడం న్యాయం. ఆ న్యాయంతోపాటే తరతరాలుగా పదాలు, జావళీలు, వాటి అభినయం భద్రపరచిన గదులు మూతపడ్డాయి. ముసలి కలావంతులు తమ విద్యను తలుపులు మూసుకుని ఒకరికొకరు చూపించుకోవలసి వచ్చింది. ఈ రెండో నష్టాన్ని మొదటి న్యాయం కింద కప్పిపెట్టకూడదు.

సాహిత్యం ఆ గదిని గుర్తుపెట్టుకుంది. గురజాడ కన్యాశుల్కంలో అందరికన్నా తెలివైనది మధురవాణి. ఆమె ఇంట్లో చీట్లాట సాగే అంకంలో ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలి, ఎవరి మాటను ఎప్పుడు తెంచాలి, ఎవరి గొప్పను ఎంతవరకు సాగనివ్వాలి అన్నదంతా ఆమె చేతిలోనే ఉంటుంది. మెహఫిల్ నడిపే విద్య తెలుగులో అంత సూక్ష్మంగా పట్టుబడిన చోటు మరొకటి లేదు. 1953 నాటి దేవదాసు సినిమాలో చంద్రముఖి ఆ గదిని తెర మీదికి తెచ్చింది. ఆ తరువాతి సినిమాల్లో క్లబ్బు డాన్సు వచ్చింది. ఎల్.ఆర్. ఈశ్వరి గొంతుతో, ట్రంపెట్ మెరుపుతో, బొంగో దరువుతో జాజ్ తునకలు తెలుగువారి చెవిన పడ్డది అప్పుడే. అయితే ఆ పాటల్లో క్లబ్బు ఎప్పుడూ ప్రతినాయకుడి అడ్డా. తెలుగు ప్రేక్షకుడు సంగీతాన్ని ఆనందించాడు, ఆ గదిని అసహ్యించుకోవడం నేర్చుకున్నాడు.

బెంగళూరు నాగరత్నమ్మ (1878–1952) ఆ అసహ్యానికి ఎదురు నిలిచిన మనిషి. కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగారకావ్యం రాధికాసాంత్వనాన్ని 1910లో పూర్తి పాఠంతో అచ్చు వేయించింది. మరుసటి ఏడాది ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం హయాంలో నిషేధం తొలిగింది. తన సంపాదనంతా పెట్టి తిరువయ్యూరులో త్యాగరాజ సమాధి మందిరాన్ని కట్టించింది. ఆరాధనలో ఆడవాళ్ళను పాడనివ్వని రోజుల్లో ఆడవాళ్ళకోసం వేరే ఆరాధన నడిపింది. తన గదికి చరిత్రలో చోటు దొరకదని తెలిసిన కళాకారిణులు సమాధులు, గుళ్ళు కట్టించడం యాదృచ్ఛికం కాదు. చందా కూడా అదే చేసింది.

అసలు జాజ్ హైదరాబాద్‌కు ఎందుకు చేరలేదన్న సందేహం సహజం. 1930ల నుంచి బొంబాయి తాజ్ హోటల్లో లియాన్ అబీ వంటివారి నల్లజాతి బృందాలు వాయించాయి. కలకత్తా గ్రాండ్ హోటల్లో పియానో వాయించిన టెడీ వెదర్‌ఫర్డ్ 1945లో ఆ నగరంలోనే కలరాతో పోయాడు. గోవా వాద్యకారులు ఆ విద్య పట్టి సినిమా వాద్యబృందాల్లోకి తెచ్చారు. రేవు పట్టణాల్లో ఓడలు, విదేశీ వర్తకులు, హోటళ్ళు ఉన్నాయి. హైదరాబాద్ అలాంటి నగరం కాదు. కానీ జాజ్‌కు కావలసిన దినుసులు ఇక్కడా ఉన్నాయి. సికింద్రాబాద్ దండులో 19వ శతాబ్దం మొదటి నుంచీ సైనిక బ్యాండ్లు మోగాయి. ఆ క్లారినెట్టు, ఆ ట్రంపెట్టు, ఆ పెద్ద డ్రమ్ము ఇప్పటి పెళ్ళి బ్యాండు మేళంలో ఉన్నాయి. ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు నిజాం సైన్యంలో పనిచేశారు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అన్న దళం పేరు ఏసీ గార్డ్స్ అనే బస్తీగా నిలిచింది. సిద్దీలు, చావుష్‌లు వాయించే మర్ఫా దరువు హైదరాబాద్ పెళ్ళిళ్ళలో ఇప్పటికీ మోగుతుంది. న్యూ ఆర్లీన్స్‌లో ఇత్తడి వాద్యమూ ఆఫ్రికా దరువూ ఒక గదిలో కలిశాయి. హైదరాబాద్‌లో రెండూ బరాత్ వెంట వీధిలో నడిచాయి. వాటిని లోపలికి పిలిచి, తలుపు వేసి, రాత్రంతా కూర్చోబెట్టిన మేజ్‌బాన్ దొరకలేదు. జాజ్ చేరకపోవడానికి ఈ రచనకు తోచిన ప్రధాన కారణం అదే.

తెలుగు చేయి ఆ గదికి పనికిరానిదేమీ కాదని పాలకొల్లు కుర్రవాడు మాండొలిన్ శ్రీనివాస్ రుజువు చేశాడు. 1983లో, పద్నాలుగేళ్ళ వయసులో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కర్ణాటక సంగీతం వాయించి ఆ శ్రోతలను కట్టిపడేశాడు. తరువాత గిటార్ విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో రిమెంబర్ శక్తి బృందంలో వాయించాడు. 2014లో 45 ఏళ్ళకే పోయాడు.

ఇక చందా కట్టించినదాని దగ్గరికి వస్తే, మౌలాలి గుట్ట ఇబ్రహీం కుతుబ్ షా కాలం నుంచి యాత్రాస్థలం. 1578లో కొలువు ఉద్యోగి యాకూత్ కల ఆధారంగా గుట్ట మీద దర్గా వెలసిందని నమ్మకం. రజబ్ నెల 17న జనం మెట్లెక్కుతారు. ఆ గుట్ట పాదాన 1792లో చందా తన తల్లికి సమాధి కట్టించింది. నాలుగు భాగాల తోట, మసీదు, మెట్లబావి, యాత్రికులు దిగడానికి సరాయి, అన్నీ ఒకే ఆవరణలో. తల్లి పేరున తోట, దాహం వేసినవారికి బావి, అలసినవారికి నీడ. రాత్రి కొలువు నడిపిన చెయ్యి పగటి బాటసారికి కూడా ఏర్పాట్లు మర్చిపోలేదు. 1824లో ఆమెను కూడా ఆ తల్లి పక్కనే ఖననం చేశారు. తన ఆస్తిలో చాలా భాగం దిక్కులేని ఆడవాళ్ళకు రాసిందని చెబుతారు.

తరువాత ఆవరణ పాడుబడింది. తోట ముళ్ళపొదలయింది, బావి పూడింది. 2010, 2011 సంవత్సరాల్లో అమెరికా కాన్సులేట్ ఇచ్చిన నిధితో మరమ్మతు చేసి, తోటను మళ్ళీ తీర్చారు. ఉప్పల్, నాచారం, జవహర్‌నగర్ వైపు నివాసముండేవారికి ఇది ఆటోలో వెళ్ళివచ్చే దూరం. రజబ్ మేళా రోజున గుట్ట ఎక్కేవారిలో కింద ఉన్న సమాధి వైపు తిరిగేవారు కొద్దిమందే. తెలంగాణ సాంస్కృతిక శాఖ ఏడాదికి ఒక్క సాయంత్రం ఆ తోటలో సభ పెట్టాలి. చందా గజల్ పాడేవారినీ, మర్ఫా వాయించే సిద్దీలనూ, పెళ్ళి బ్యాండు క్లారినెట్టునూ, జాజ్ నేర్చుకుంటున్న నగరపు కుర్రకారునూ ఒకే చాప మీద కూర్చోబెట్టాలి. వచ్చినవారికి ముందు అత్తరు పూసి, తాంబూలం ఇవ్వాలి. ఆ తరువాతే శ్రుతి చూసుకోవాలి.